పడవ బేరం, నగరి దాకా

చిత్తూరు జిల్లాలో పడవ కొందామని ఊరూరా తిరిగిన పెద్దమనిషి ఎవడైనా ఉంటాడా అని మీకు అనుమానం రావచ్చు. ఉన్నాడు. నేనే. పైగా ఆ పిచ్చి నాకొక్కడికే పట్టిందనుకుని కాస్త గర్వపడుతూ బయలుదేరాను. తీరా చూస్తే నాకంటే ముందే చాలామంది మొదలుపెట్టేశారు, నాకంటే ఎక్కువ డబ్బుతో.

నేను చిత్తూరులో ప్లీడరును. అంటే గుమ్మానికి బోర్డు ఉంది, ఒంటిమీద నల్లకోటు ఉంది, కోర్టు వరండాలో ఒక కుర్చీ ఉంది. కేసులు మాత్రం పక్క కుర్చీ ఆయన దగ్గరికి వెళతాయి. బయట యుద్ధం నడుస్తోంది. బియ్యానికి రేషను, చక్కెరకు రేషను, కిరసనాయిలు అంగడి ముందు తెల్లవారకముందే సీసాల వరస. అలాంటి రోజుల్లో నేను షికారు పడవ బేరానికి వెళ్ళానంటే డబ్బు ఎక్కువై కాదు, భయం ఎక్కువై.

నా భార్య సుభద్రది కృష్ణ కాలవల కింది ఊరు. బెజవాడలో రైలు దిగి, అక్కణ్ణించి కాలవలో ఒక పూటంతా పడవ మీద వెళితే వాళ్ళ ఊరు. మా పెళ్ళి తిరుమల కొండమీద జరిగింది కాబట్టి అప్పుడు నేను ఆ ఊరు వెళ్ళే అవసరం రాలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా నేనే తప్పించుకుంటూ వచ్చాను. ఒక ఏడు జ్వరం, ఒక ఏడు కేసు, ఒక ఏడు చెనిక్కాయల కోత. అసలు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. నాకు పడవంటే భయం. మాది ఐరాల పక్క పల్లె. మాకు నీళ్ళంటే బావి అడుగున కనబడేవి, దేవుడు కరుణించిన ఏడు చెరువులో నాలుగు నెలలు నిలిచేవి. ఆ నీళ్ళమీద మనుషులు కూర్చుని, తాంబూలం వేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఊళ్ళు తిరుగుతారంటే నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు.

సుభద్రకు తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచింది. ఆవిడ కొండ ఎక్కలేక మా పెళ్ళికి రాలేదు. నన్ను ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు కంటిచూపు కూడా మందగిస్తోందని కబురు వచ్చింది. ఈ మాఘంలో సుభద్ర పిన్నికూతురి పెళ్ళి ఆ ఇంట్లోనే.

"ఈసారి మీరు రాకపోతే నేనిక అక్కడే ఉంటానండీ," అంది సుభద్ర.

గొంతు పెంచలేదు. ఆమెకు కోపం వస్తే మాట పెరగదు, బట్టలు మడతపెడుతుంది. ఆ రోజు ఇంట్లో మడతపెట్టని గుడ్డ ఒక్కటీ మిగల్లేదు. నా నల్లకోటు కూడా నాలుగు మడతల్లో కనబడింది. నాకు నిజంగా భయం వేసింది. ఈ భయం పడవ భయం కన్నా పెద్దది.

అప్పుడు ప్లీడరు బుర్ర ఒక ఉపాయం చెప్పింది. ఆ ఏడు వానలు విరగబడి కురిసి మా పల్లె చెరువు నిండింది. ఒక చిన్న పడవ కొని చెరువులో వేసుకుని రోజూ కాసేపు కూర్చుంటే భయం పోతుంది. పెళ్ళికి ఇంకా నెల ఉంది. ఆలోపల కాలవ మీద పోవడానికి పనికివచ్చే అల్లుడిగా తయారవుతాను. చిత్తూరులో మొదలుపెట్టి తిరుపతి మీదుగా నగరి దాకా వెతుకుతానని సుభద్రకు చెప్పాను.

సుభద్ర మంచం కిందినుంచి పెట్టె లాగింది. "సరే, నేనూ వస్తాను, పెట్టె సర్దుకుని. పడవ దొరికితే ఇద్దరం వెనక్కి వద్దాం. దొరక్కపోతే నగరిలో నన్ను మద్రాసు రైలెక్కించండి. మద్రాసు స్టేషనుకు మా అన్నయ్య వస్తాడు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"మీరొచ్చి తీసుకొచ్చినప్పుడు."

చిత్తూరు: దొరగారి పడవ

ఊరి చివర బంగళాలో ఉండే దొర బదిలీ అయి వెళ్ళిపోతూ ఒక పడవను వదిలి వెళ్ళాడు. దాన్ని అమ్మిపెట్టే పని ఆయన దగ్గర వంట చేసిన యేసుదాసుది. ఎనభై రూపాయలకు వస్తుందని కోర్టులో ఎవరో అన్నారు. గుర్రబ్బండి దిగి, సుభద్ర పెట్టె నేనే మోసుకుంటూ లోపలికి వెళ్ళాను.

రేకుల కొట్టంలో రెండు దిమ్మెల మీద పడవ ఉంది. తెల్ల రంగు, పక్కన నీలం చార. అంత దగ్గరగా పడవను చూడటం నాకు అదే మొదలు. ఏం చూడాలో తెలియదు. తెలియదని తెలిస్తే ధర పెరుగుతుంది. అందుకని మా నాయన ఎద్దును చూసే పద్ధతిలో చుట్టూ ఒకసారి తిరిగి, పక్కలు తట్టి, వెనక్కి వెళ్ళి వంగి చూసి, పెదవి విరిచాను.

"వయసు కాస్త ముదిరినట్టుంది," అన్నాను.

సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంతకిస్తావప్పా?"

"పోయిన వారం అడిగుంటే నూరు సార్," అన్నాడు యేసుదాసు. "నిన్న అడిగుంటే నూటయాభై. ఈ పొద్దు రెండు నూర్లు."

"రోజుకింత పెరగడానికి ఇదేమైనా దూడా?"

"పడవ పెరగలా సార్. అడిగేవాళ్ళు పెరిగినారు."

అతను చెబుతుంటే నాకు లోకం అర్థమైంది. బాంబులు పడతాయని మద్రాసు వదిలి వచ్చిన శ్రీమంతులు చిత్తూరులో, తిరుపతిలో మేడలు అద్దెకు తీసుకుని కూర్చున్నారు. వాళ్ళకు డబ్బుంది, పొద్దుపోదు. ఈ ఏడు చెరువులు నిండేసరికి సాయంత్రాలు పడవ షికారు ఒక మోజైంది. ఆ పక్క సముద్రం ఒడ్డున పడవలన్నీ మిలిటరీకి పోతున్నాయి. కొత్తవి కట్టడానికి కలప లేదు, మేకులు లేవు, తారు లేదు. ఉన్న నాలుగు పడవల వెంట నలభై మంది.

నేను వాదన మొదలుపెట్టాను. పడవ అనేది నిత్యావసర వస్తువు కాదని, కాబట్టి ధర పెరగడం న్యాయం కాదని, దొరగారికి తెలిస్తే బాధపడతాడని చెప్పాను. నా వాదనలో రెండో భాగంలో ఉండగా ఒక కారు వచ్చి ఆగింది. లోపలున్న మద్రాసు పెద్దమనిషి కిందికి దిగకుండానే "రెండొందల యాభై" అన్నాడు. యేసుదాసు దండం పెట్టాడు.

"తెడ్లు వేరే బేరం సార్. జతకు నలభై."

అదీ ఇచ్చేశాడు. నా కేసు ఎప్పటిలాగే కొట్టేశారు.

నన్ను చూసి యేసుదాసుకు జాలేసింది. "లంగరు మిగిలిపొయింది సార్. ఆయన వొద్దన్నాడు. మీకైతే పదికే ఇస్తా."

ధరలు పెరిగే కాలంలో ఏది చేతికొస్తే అది తీసుకోవాలి కదా అని నేను జేబులో చెయ్యి పెట్టాను.

"పడవ లేకుండా లంగరెందుకండీ?" అంది సుభద్ర. "కదలకుండా ఉండటం మీకు అది లేకుండానే వచ్చు."

పెట్టె ఎత్తుకుని బయటికి వచ్చాను.

తిరుపతి: ఎదురుచూసేవాళ్ళ వరండా

తిరుపతిలో సత్రంలో దిగాం. పొద్దున హోటల్లో ఇడ్లీ అడిగితే నల్లటిది తెచ్చిపెట్టాడు. బియ్యం లేవు కాబట్టి రాగులతో చేశారట. కాఫీలో బెల్లం. సర్వరు మాత్రం రేట్ల పలక వైపు చూపించి, రాగి ఇడ్లీకి బియ్యం ఇడ్లీ ధరే తీసుకున్నాడు. వాళ్ళ వైపు పెసరట్టు ఇంత ఉంటుందని సుభద్ర చేతులు చాపి చూపిస్తే, పక్క బల్ల దగ్గర కూర్చున్న బైరాగి ఇంకాస్త వివరంగా చెప్పమని అడిగాడు.

పడవలు కట్టే ఆచారి ఒకాయన రైలుకట్ట అవతల ఉన్నాడని తెలిసి వెళ్ళాం. వరండాలో అప్పటికే నలుగురు పెద్దమనుషులు బెంచీమీద కూర్చుని ఉన్నారు. డాక్టరు దగ్గర రోగుల్లా ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటున్నారు.

ఆచారి నిజం మాట్లాడే మనిషి. "టేకు కంట్లో పెట్టుకుందామన్నా లేదు సామీ. మామిడిచెక్కతో చేసిస్తా. మూడు నెల్లు పడతాది."

"మూడు నెలలకు చెరువులో నీళ్ళుండవు కదా?"

"అప్పుటికి ధర కూడా తగ్గుతాది సామీ!" అన్నాడు, నా మేలు కోరుతూ.

బెంచీమీద నలుగురూ నిట్టూర్చారు. పోనీ వెదురుబుట్టకు తోలు కప్పి చేసే పుట్టి అయినా ఇప్పించమన్నాను. తోలంతా సోల్జర్ల బూట్లకు పోతోందన్నాడు. చివరకు బెంచీమీది ఒక రిటైర్డు తాసిల్దారు గారు నన్ను పక్కకు పిలిచి రహస్యంగా ఒక మార్గం చెప్పారు. ఎనిమిది మంది కలిసి ఒక పాత పడవ కొన్నారట. వారంలో ఒక్కొక్కరికి ఒక్కో పూట. ఒక భాగస్థుడికి జలుబు చేసి మానేస్తున్నాడు, ఆయన మంగళవారం మధ్యాహ్నం భాగం అమ్మకానికి ఉంది. ఆ ఎనిమిదో వంతు ధర, నిరుడు మొత్తం పడవ ధర.

"మిట్టమధ్యాహ్నమా?" అన్నాను.

"ఎండగా ఉంటుంది. అందుకే అగ్గువ," అన్నారాయన.

నేను దాదాపు ఒప్పుకున్నాను. నా భయం పోవడానికి ఎన్ని మంగళవారాలు పడుతుందని సుభద్ర అడిగింది. లెక్క వేస్తే పెళ్ళి అయి, పెళ్ళికూతురికి పిల్లలు పుట్టే దాకా పట్టేట్టుంది.

సాయంత్రం సత్రం మెట్ల మీద కూర్చుని కొండ చూశాం. ఎనిమిదేళ్ళ కిందట ఆ కొండ మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ తాళి కట్టాను. ఆ రోజు సుభద్ర పక్కన నిలబడి, ఎవరూ వినకుండా, "మా అమ్మమ్మ ఉంటే బాగుండేది," అంది. "తీసుకెళతాలే," అన్నాను. అంత తేలిగ్గా అన్నాను. కొండవైపు దండం పెట్టుకుంటుంటే ఆమె కూడా అదే తలుచుకుంటోందేమో అనిపించింది.

వడమాలపేట: బెల్లం పెనం

పుత్తూరు వైపు వెళ్ళే బస్సు బొగ్గుతో నడుస్తుంది. పెట్రోలు లేక ఈ మధ్య అన్ని బస్సులకూ వెనక ఒక పొయ్యి తగిలించారు. క్లీనరు చక్రం తిప్పి పొయ్యి రాజేస్తాడు, పొగ ముందు ప్రయాణికులకు పట్టి, తర్వాత ఇంజనుకు పడుతుంది. మిట్ట వచ్చినప్పుడల్లా మగవాళ్ళు దిగి తొయ్యాలి. వడమాలపేట దాటాక బస్సు పూర్తిగా ఆగిపోయింది. టిక్కెట్టు కొని బస్సును తోసిన గౌరవం దక్కించుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను.

దగ్గర్లో చెరకు గానుగ ఆడుతోంది. దాని యజమాని మునస్వామి నాయుడు మమ్మల్ని చూసి కేకేశాడు.

"ఎండలో ఏం నిలబడతారు? ఈడికి రాండి సామీ. బస్సు ఇంగ సాయంత్రానికి గానీ కదల్దు."

వేడి వేడి బెల్లం పాకం ఆకులో పోసి ఇచ్చాడు. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. కొత్తలో సుభద్ర సంగటిని అన్నంలా నమిలి, దవడలు నొప్పెట్టి ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు ముద్దను ఊరిబిండిలో ముంచి నాకంటే వేగంగా మింగేస్తుంది. నాయుడి భార్య చూసి, "మీదీ ఈ పక్కేనా తల్లీ?" అని అడిగింది. ఎనిమిదేళ్ళలో ఆమె మా దేశం తిండి నేర్చుకుంది. నేను ఆమె దేశం గడప తొక్కలేదు.

ఎక్కడికి పోతున్నారని నాయుడు అడిగితే చెప్పాను. అతను చాలాసేపు నవ్వాడు.

"పడవలో కూసునేది నేర్చుకునేదానికి పడవే కావల్లా సామీ? మా పెనం ఉండాది గదా!"

బెల్లం వండే ఇనప పెనం మీలో చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గుండ్రంగా, లోతుగా, ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేటంత ఉంటుంది. వండటం అయ్యాక దాన్ని దొర్లించుకుంటూ పోయి పక్క కుంటలో కడుగుతారు.

"నీళ్ళలో ఏస్తే తేల్తాది. చిన్నప్పుడు మేమంతా దీంట్లోనే ఆడుకున్నాం. మా నాయన బెత్తం తీస్తే కుంట నడిమికి పొయ్యేవాళ్ళం," అన్నాడు నాయుడు.

ఖర్చు లేకుండా భయం పోతుందంటే ఎవడు కాదంటాడు? పెనంలో కూర్చున్నాను. ఇద్దరు మనుషులు మెల్లగా నీళ్ళలోకి తోశారు. తేలింది. ఒక్క క్షణం నాకే ఆశ్చర్యం వేసి, సుభద్ర వైపు చెయ్యి ఊపాను. చెయ్యి ఊపగానే పెనం తిరగడం మొదలుపెట్టింది. దానికి ముందు లేదు, వెనక లేదు, ఆగడమన్నది తెలియదు. గానుగ, సుభద్ర, నాయుడు, మళ్ళీ గానుగ, మళ్ళీ సుభద్ర. నేను కళ్ళు మూసుకుని అరిచాను. అప్పుడే అడుగున మిగిలిన బెల్లం కోసం వచ్చిన చీమలు నన్ను కనిపెట్టాయి. లేవబోతే పంచె బెల్లానికి అతుక్కుపోయింది. పెనం ఒరిగింది.

నీళ్ళలో కూర్చుని నేను కేకలు పెడుతూనే ఉన్నాను.

"సామీ, లెయ్యి సామీ! మోకాలు లోతు గూడా లేదు!" అని నాయుడు ఒడ్డునుంచి అరుస్తున్నాడు.

లేచి నిలబడ్డాను. నీళ్ళు నిజంగానే మోకాలికి కింద ఉన్నాయి. గానుగ దగ్గర జనమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు, ఎద్దులు కూడా ఆగి చూస్తున్నాయి. సుభద్ర మాత్రం నవ్వలేదు. తన పెట్టె వైపు ఒకసారి చూసి, నాకు ఆరిన తుండుగుడ్డ అందించింది. ఆమె నవ్వి ఉంటే నాకు ఎంతో బాగుండేది.

ఆ పెనమైనా అమ్ముతావా అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక.

"ఇనుం రేటు ఎంత పొయిందో తెలుసునా సామీ?" అన్నాడు నాయుడు, పెనం మీద చెయ్యి వేసి దాన్ని తన వైపు లాక్కుంటూ.

నగరి: చెంగల్రాయుడి పెరడు

రాత్రి పుత్తూరులో పడుకుని మర్నాడు నగరిలో అడుగుపెట్టేసరికి నా పంచె ఒక పక్క బెల్లం రంగులో, ఒక పక్క కుంట రంగులో ఉంది. ఊరంతా మగ్గాల చప్పుడు ఉంటుందని విన్నాను. సగం ఇళ్ళే చప్పుడు చేస్తున్నాయి. నూలు రేషనైపోయి, మిగతా ఇళ్ళలో మగ్గాల మీద బట్టలు ఆరేసుకున్నారు. కాఫీ హోటల్లో తెలుగులో అడిగితే అరవంలో జవాబు, అరవంలో అడిగితే తెలుగులో జవాబు. సాంబారు మాత్రం రెండు భాషల్లోనూ బాగుంది.

ఆ హోటలతనే చెప్పాడు, నేతపని చేసే చెంగల్రాయుడి ఇంట్లో ఒక పడవ ఉందని. ఇది నా ఆఖరి ఆశ. సాయంత్రం మద్రాసు రైలు.

పడవ పెరట్లో ఉంది. నీళ్ళలో లేదు, దానిలోనే నీళ్ళున్నాయి. నీళ్ళు కూడా కాదు, చిక్కటి గంజి. చెంగల్రాయుడూ అతని భార్య దేశమ్మా చెరో పక్కన నిలబడి చిలపలుగా కట్టిన నూలును దానిలో ముంచి పిండుతున్నారు. ఒకప్పుడు జమీందారు గారి షికారు పడవ అది. అంచుమీద చెక్కిన హంస ముక్కు ఇంకా మిగిలి ఉంది. ఆ ముక్కుకు తడి నూలు వేలాడుతోంది.

"జమీను ఏలంలో తీసుకున్నా సామీ," అన్నాడు చెంగల్రాయుడు. "అప్పుడు తొట్టి కన్నా పడవే అగ్గువ."

గంజి తీసేశాక నన్ను ఎక్కి చూసుకోమన్నాడు. ఎక్కి కూర్చున్నాను. రెండు చేతులతో రెండు పక్కలూ గట్టిగా పట్టుకున్నాను.

"నేల మింద ఉండాది సామీ, యాడికీ పోదు," అంది దేశమ్మ.

దిగి ధర అడిగాను. అమ్మనన్నాడు. రెండొందలన్నాను. తల అడ్డంగా ఊపాడు. రెండొందల యాభై. ఊపడం తగ్గింది. నా దగ్గర అంతకు మించి లేదు. అయినా కారు దిగని మద్రాసు పెద్దమనిషి గుర్తొచ్చి, "మూడొందలు" అన్నాను. చెంగల్రాయుడు భార్య వైపు చూశాడు.

"ఏం నా పక్క జూస్తావు?" అంది దేశమ్మ. "మున్నూరు రూపాయలు ఎన్నాళ్ళు తింటావు? ఆ తరవాత నూలు యాడ తడుపుతావు, నీ నోట్లోనా? తొట్టి జేసేదానికి చెక్క ఎవురిస్తారు ఇప్పుడు?"

బేరం ముగిసింది. నాకు కోపం రాలేదు. ఆమె మాటలో తప్పు పట్టడానికి ప్లీడరుకు కూడా ఏమీ దొరకలేదు. సుభద్ర తన పెట్టె మీద కూర్చుని నేల చూస్తోంది. రైలుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. అన్నం తిని పొమ్మని దేశమ్మ బలవంతం చేసింది. రేషను బియ్యం ఇంట్లో ఎన్ని ఉంటాయో తెలిసి వద్దన్నాం. వినలేదు.

తింటుండగా చెంగల్రాయుడు సుభద్రను అడిగాడు. "నాకు ఒగ అనుమానం తల్లీ. దీన్ని తెచ్చిన కాడ్నించీ అనుకుంటా ఉండా. సముద్రంలో అయితే గాలి తోస్తాది. మీ కాలవలో పడవ ఎట్ల కదుల్తాది?"

"గాలి ఉంటే తెరచాప ఎత్తుతారండీ. లేకపోతే ఇద్దరు మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగుకుంటూ పోతారు."

"నీళ్ళలో ఈదుకుంటానా?"

"కాదండీ, గట్టుమీద నడుస్తూ."

"గట్టు మింద మనుషులు నడవొచ్చునా?"

"సైకిళ్ళు కూడా పోతాయి. పిల్లలు బడికి పోయేది ఆ గట్టు మీదే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "సుభద్రా, ఆ గట్టు ఎందాకా ఉంటుంది?"

"కాలవ ఉన్నంత దూరం ఉంటుంది. లేకపోతే నీళ్ళు పొలాల్లోకి పోవూ?"

"మీ ఊరి దాకా?"

ఆమె నావైపు చూసింది. "మా ఊరి దాకా."

నేను చెరువులు చూసినవాణ్ణి. చెరువుకు కట్ట ఒక పక్కనే ఉంటుంది. మిగతా పక్కలంతా నీళ్ళు చూపు ఆనినంత దూరం పరుచుకుని ఉంటాయి. కాలవంటే ఒక పొడుగాటి చెరువని, సుభద్ర వాళ్ళ ఊరు దాని నడిమధ్యలో ఎక్కడో తేలుతూ ఉంటుందని ఎనిమిదేళ్ళుగా నా మనసులో బొమ్మ. పక్కనే నడవడానికి దారి ఉంటుందన్న ఆలోచన కలలో కూడా రాలేదు. కాలవ ఎలా ఉంటుందని ఒక్కసారి అడగలేదు. భయపడటంలో నాకు తీరిక దొరకలేదు.

చెంగల్రాయుడు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, సంగతి గ్రహించి, చప్పున మజ్జిగ చెంబులో తల దూర్చాడు. దేశమ్మకు ఆ మర్యాద లేదు. గోడ పట్టుకుని నవ్వింది.

స్టేషనులో

ప్లాట్‌ఫారం మీద పెట్టె దించి అడిగాను. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గట్టు సంగతి చెప్పలేదేం?"

సుభద్ర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "మొదటి ఏడే చెబుదామనుకున్నాను. పెళ్ళాం పడవలో కూర్చుని, అల్లుడు పక్కన గట్టుమీద నడిచి వస్తే మా ఊళ్ళో ఎంత నవ్వుతారో మీకు తెలియదు. నాకు సిగ్గేసింది. ఎప్పటికైనా పడవలోనే వస్తారులే అనుకున్నాను. మీ భయం ఎంతటిదో నిన్న ఆ కుంటలో చూశాను."

వేలికి చుట్టిన కొంగు విప్పి, "అమ్మమ్మకు చూపు పోతోందండీ. నవ్వితే నవ్వుకోనివ్వండి," అంది.

ఆమెకు ఏడుపు వస్తుంటే చూడలేక నేను టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాను. పడవ కోసం దాచిన డబ్బులోంచి రెండు టిక్కెట్లు తీశాను. మార్చుకోవడానికి పంచె లేదు, వాయిదా అడగడానికి కేసు లేదు. మద్రాసులో ఆమె అన్నయ్య నన్ను చూసి మొదట ఎవరో అనుకున్నాడు. తర్వాత పంచె వైపు చూసి, ఏమీ అడగకుండా తన పంచె ఒకటి ఇచ్చి మమ్మల్ని బెజవాడ రైలెక్కించాడు.

కాలవ గట్టు

బెజవాడలో కూడా పడవల కరువే. బియ్యం తోలడానికి సర్కారువాళ్ళు చాలా పడవలు పట్టుకున్నారు. ఉన్న ఒక్క పడవలో జనం కిక్కిరిసి ఉన్నారు. చార్జీ మూడింతలైంది. అయినా పడవ కదలడం లేదు. తాడు లాగే ఇద్దరిలో ఒకడు మిలిటరీ కూలికి వెళ్ళిపోయాడట. రెండోవాడు ఒంటరిగా లాగనని గట్టుమీద కూర్చున్నాడు.

"నేనెలాగూ గట్టుమీదే నడుస్తాను," అన్నాను.

పడవ సరంగు నా నల్లకోటు వైపు చూశాడు. "తవరా అండీ? తాడు లాగుతారా?"

కోటు విప్పి సుభద్రకు ఇచ్చాను. ఆమె దాన్ని మడతపెట్టలేదు, ఒళ్ళో వేసుకుని పడవ ముందు పలక మీద కూర్చుంది. మొదట్లో కాలు జారింది, తాడు చంకలో కోసింది, పక్కవాడు నా నడకకు విసుక్కున్నాడు. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నీళ్ళు సన్నగా, నెమ్మదిగా ఉన్నాయి. రెండు పక్కలా గట్లున్నాయి. అంత పిసరు నీళ్ళకు నేను ఎనిమిదేళ్ళు భయపడ్డాను. అయినా ఎక్కలేదు, అది వేరే సంగతి. దిగేటప్పుడు సరంగు నా చార్జీ తీసుకోలేదు. ఆ ఏడు నేను ఒళ్ళు వంచి సంపాదించింది అదే.

పొద్దు వాలుతుండగా వాళ్ళ ఊరి రేవు వచ్చింది. అల్లుడు పడవ లాక్కుంటూ వస్తున్నాడని ఎవడో పరిగెత్తి చెప్పినట్టున్నాడు. సుభద్ర అన్నట్టే ఊరంతా వచ్చి నవ్వింది. నవ్వుతున్న జనాన్ని చేత్తో తప్పించుకుంటూ ఒక ముసలావిడ మెట్ల దాకా వచ్చింది.

"వచ్చావుటే? ఈసారన్నా మీ ఆయన్ని తెచ్చావా?"

"నేను తేలేదు అమ్మమ్మా," అంది సుభద్ర, పడవ దిగుతూ. "ఆయనే నన్ను తెచ్చారు."

ముసలావిడ నా దగ్గరికి వచ్చి మొహం మొహానికి దగ్గరగా పెట్టి చూసింది. ఎంత కనబడిందో నాకు తెలియదు. రెండు చేతులతో నా తల, చెవులు, మెడ తడిమింది. భుజం మీద తాడు ఒరుసుకున్న చోట ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడే కాసేపు ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి జనం మీద విరుచుకుపడింది.

"అంత దూరం నడిచొచ్చిన బిడ్డను నిలబెట్టి నవ్వుతారేంటర్రా? ముందు కాళ్ళకు నీళ్ళివ్వండి!"